తమ్ముణ్ని చూసుకోవడానికి ఉద్యోగం మానేశాను.. నాకు ప్రభుత్వ సాయం వస్తుందా?

ప్రశ్న: మాది ఆంధ్రప్రదేశ్. మా తమ్ముడికి 27 ఏళ్లు, పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు అదుపులో ఉండని స్థితి). సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 85 శాతం అని ఉంది. నెలకు 6 వేల రూపాయల పింఛను వస్తోంది. అమ్మ ఉన్నన్నాళ్లూ తనే చూసుకుంది. ఆమె పోయాక నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ ఉద్యోగం మానేసి ఇంటిపట్టునే ఉంటున్నాను. నాన్నకు ఒంట్లో ఓపిక లేదు. అన్నయ్య వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తూ కొంత పంపుతాడు. ఇలా ఇంట్లోవాళ్లను చూసుకునేవారికి ప్రభుత్వం డబ్బిస్తుందని విని సచివాలయంలో అడిగితే ‘అలాంటి పథకం లేదమ్మా’ అన్నారు. నిజంగా లేదా? తమ్ముడికి మాట స్పష్టంగా రాదు గానీ అన్నీ అర్థమవుతాయి. బ్యాంకు పనుల కోసం నేను గార్డియన్‌గా ఉండాలంటున్నారు. అది తప్పనిసరా?

జవాబు: సచివాలయం సిబ్బంది తమ కంప్యూటర్లో కనిపించే పథకాల జాబితా చూసి జవాబు చెబుతారు. ఆ జాబితాలో లేదంటే చట్టంలో కూడా లేదని కాదు. మీరు చేస్తున్న పనిని మన చట్టం గుర్తించింది, దానికి పేరు కూడా పెట్టింది. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లో సెక్షన్ 2(డి) చూడండి. జీతం తీసుకుని గానీ తీసుకోకుండా గానీ దివ్యాంగుల బాగోగులు చూసే ఎవరైనా ‘కేర్‌గివర్’ అనీ, తల్లిదండ్రులూ ఇతర కుటుంబ సభ్యులూ అందులోకి వస్తారనీ అక్కడ రాసి ఉంది. అంటే మీరు.

అదే చట్టంలోని సెక్షన్ 24 సామాజిక భద్రత గురించి. దివ్యాంగుల కోసం ప్రభుత్వాలు పెట్టే పథకాల్లో ఏమేం ఉండాలో వరసగా చెబుతూ, ‘అధిక సహాయం’ అవసరమైన దివ్యాంగులకు కేర్‌గివర్ అలవెన్స్ ఇవ్వడాన్ని కూడా చేర్చింది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఈ అలవెన్స్ ఇచ్చేది చూసుకునేవారి పేరు మీద కాదు, దివ్యాంగుడి పేరు మీద. అందుకే ‘నాకు ఏదైనా వస్తుందా’ అని అడిగితే ఏ ఆఫీసులోనైనా లేదనే చెబుతారు. ‘మా తమ్ముడికి అధిక సహాయం అవసరం, దాని కోసం దరఖాస్తు పెడుతున్నాం’ అని అడగాలి. దరఖాస్తు అతనిది, అతని తరఫున పెట్టేది మీరు.

ఆ దారి సెక్షన్ 38లో ఉంది. 40 శాతం, అంతకంటే ఎక్కువ వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉన్నవాళ్లు రోజువారీ పనులకు తమకు గట్టి తోడు కావాలనుకుంటే, ప్రభుత్వం నోటిఫై చేసిన అధికారికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. వారి తరఫున మరొకరు పెట్టినా చెల్లుతుంది. ఆ అధికారి దాన్ని అసెస్‌మెంట్ బోర్డుకు పంపాలి. బోర్డు పరీక్షించి ఎలాంటి సహాయం కావాలో నివేదిక ఇస్తుంది. ఆ నివేదిక ప్రకారం సహాయం అందేలా అధికారి చర్యలు తీసుకోవాలి.

మీకు ఆశ పెట్టి వదిలేయడం నాకు ఇష్టం లేదు, కాబట్టి ఇందులోని మెలిక కూడా చెబుతాను. సెక్షన్ 24లో ‘ప్రభుత్వ ఆర్థిక స్తోమత మేరకు’ అనే మాట ఉంది. సెక్షన్ 38లో సహాయం ‘ప్రభుత్వ పథకాలకు, ఉత్తర్వులకు లోబడి’ అని ఉంది. రాష్ట్రం పథకం పెట్టకపోతే ఇంత మొత్తం ఇచ్చి తీరాలని అధికారిని నేరుగా నిలదీయలేం. కేరళలో ‘ఆశ్వాసకిరణం’ పేరుతో మంచానపడ్డవాళ్లను చూసుకునేవారికి నెలకు 600 రూపాయల సాయం పెట్టారు. చిన్న మొత్తమే. కానీ ఒక రాష్ట్రం చేయగలిగిన పని అసాధ్యమని మరో రాష్ట్రం అనలేదు. అయినా ఇప్పుడే దరఖాస్తు ఎందుకు పెట్టమంటున్నానంటే, బోర్డు ‘అధిక సహాయం అవసరం’ అని తేల్చిన కాగితం చేతిలో ఉన్నవాళ్లు రేపు పథకం వచ్చిన రోజున ముందు వరసలో ఉంటారు. రాకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ దగ్గరికో హైకోర్టుకో వెళ్లడానికి కూడా అదే ఆధారం. నోటిమాటగా అడిగి నోటిమాటగా లేదనిపించుకుంటే ఏ ఆధారమూ మిగలదు.

దరఖాస్తులో ఏం రాయాలన్న దగ్గరే చాలామంది కేసు బలహీనపడుతుంది. ‘మా తమ్ముడు పూర్తిగా మా మీద ఆధారపడి ఉన్నాడు, దయచేసి సాయం చేయండి’ అని రాస్తే బోర్డుకు ఏమీ తెలియదు. ఒక రోజు మొత్తం ఏం జరుగుతుందో రాయండి. ఇదిగో ఇలా:

‘తనంతట తాను మంచం మీద పక్కకు తిరగలేడు. పుండ్లు పడకుండా రాత్రి కూడా లేచి తిప్పాలి. కుర్చీలోకి మార్చాలంటే ఇద్దరు కావాలి. తినిపించేటప్పుడు పొలమారుతుంది, కాబట్టి ప్రతి ముద్దకూ పక్కనే ఉండాలి. దొడ్డికి, స్నానానికి మనిషి సాయం లేకుండా కుదరదు. ఏం కావాలో సైగలతో చెబుతాడు, అది అలవాటైనవాళ్లకే అర్థమవుతుంది.’

మీ ఇంట్లో జరిగేది జరిగినట్టు రాయండి, లేనిది ఒక్కటీ కలపొద్దు. బోర్డు ముందుకు వెళ్లిన రోజున కూడా ఇదే పద్ధతి. తమ్ముడి ముందు అతని అవసరాలు చెప్పడానికి మనసు ఒప్పక, ‘ఫర్వాలేదండీ, కొంచెం చేసుకుంటాడు’ అంటారు ఇంట్లోవాళ్లు. ఆ ఒక్క మాట ‘పనులు చేసుకోగలడు’ అని కాగితమెక్కుతుంది. ముందే తమ్ముడితో మాట్లాడండి. ఎందుకు చెబుతున్నారో అతనికి అర్థమవుతుందని మీరే రాశారు కదా.

సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు), ఇద్దరి ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, వైద్యం కాగితాలు జత చేయండి. సర్టిఫికెట్‌లోనూ ఆధార్‌లోనూ పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి, లేకపోతే ముందు అది సరిచేయించండి. మీరు ఉద్యోగం మానేసినట్టు స్కూలు ఇచ్చిన లెటర్ ఉంటే అది కూడా పెట్టండి. దరఖాస్తుపై ‘దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 సెక్షన్ 38 కింద’ అని స్పష్టంగా రాసి, జిల్లా కలెక్టరుకు ఒకటి, దివ్యాంగుల సంక్షేమ శాఖ జిల్లా అధికారికి ఒకటి ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌లో ఇస్తే నంబరుతో రసీదు వస్తుంది. దరఖాస్తు తీసుకోబోమని అంటే గొడవ పడకుండా స్పీడ్ పోస్టులో పంపి, రసీదు జాగ్రత్త చేయండి.

నెలలు గడిచినా జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద మూడు ప్రశ్నలు అడగండి: సెక్షన్ 38 కింద నోటిఫై చేసిన అధికారి ఎవరు, అసెస్‌మెంట్ బోర్డు ఎక్కడ ఉంది, నా దరఖాస్తు ఏ దశలో ఉంది. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ తర్వాత రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. సాక్షులను పిలిపించడం, రికార్డులు తెప్పించడం వంటి విషయాల్లో కమిషనర్‌కు సివిల్ కోర్టుకున్న అధికారాలు ఉంటాయి. కమిషనర్ సిఫారసు చేస్తే సంబంధిత శాఖ 3 నెలల్లోగా ఏం చర్య తీసుకుందో తెలియజేయాలి.

ఇక పింఛను సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను 6 వేలు అయింది. పక్షవాతంతోనో ప్రమాదం వల్లనో మంచానికీ చక్రాల కుర్చీకీ పరిమితమైనవాళ్లకు, తీవ్రమైన కండరాల క్షీణత ఉన్నవాళ్లకు 15 వేల పింఛను ఉంది. మీ తమ్ముడి జబ్బు పేరు వేరు. కాబట్టి శాతం ఎక్కువ ఉంది కదా అని ఆ పింఛను దానంతట అదే రాదు. అర్హత ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి, జవాబు కూడా రాతపూర్వకంగానే కోరండి. మళ్లీ పరీక్షకు రమ్మని ఎప్పుడు నోటీసు వచ్చినా మానొద్దు. కదిలించలేని స్థితి ఉంటే ఆ సంగతి నోటీసులో చెప్పిన తేదీకి ముందే రాసి ఇవ్వండి. తెలంగాణ పాఠకులు కూడా ఇదే అడుగుతున్నారు. అక్కడ దివ్యాంగుల పింఛను 4,016 రూపాయలు, సెక్షన్ 38 దారి మాత్రం రెండు రాష్ట్రాలకూ ఒకటే, ఎందుకంటే అది కేంద్ర చట్టం.

సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ట్రస్ట్ ‘నిరామయ’ ఆరోగ్య బీమా ఉంది. ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది. థెరపీ ఖర్చులకు ఉపయోగపడుతుంది కాబట్టి వదులుకోవద్దు. మీ అన్నయ్యకు పన్ను పడే ఆదాయం ఉండి, తమ్ముడు ప్రధానంగా అతని మీదే ఆధారపడి ఉంటే, పాత పన్ను విధానంలో తమ్ముడి వైద్యం, పోషణ ఖర్చు కింద మినహాయింపు అడగవచ్చు. మామూలుగా 75 వేలు, వైకల్యం 80 శాతం, అంతకంటే ఎక్కువ ఉంటే లక్షా 25 వేలు. అసలు ఖర్చు ఎంతైనా మినహాయింపు అంతే. కొత్త పన్ను విధానం ఎంచుకుంటే ఇది రాదు. అన్నయ్యకు ఇలా మిగిలే పన్ను డబ్బు ఇంటికి పంపమని అడగడంలో మొహమాటం వద్దు. తమ్ముణ్ని చూసుకునే భారమంతా మీరు మోస్తున్నారు.

మీ ప్రశ్నలో లేదు గానీ మరికొందరికి పనికొస్తుందని చెబుతున్నాను. తల్లి గానీ తండ్రి గానీ కేంద్ర ప్రభుత్వ పింఛనుదారు అయితే, తన బతుకు తాను సంపాదించుకోలేని దివ్యాంగ సంతానానికి వారి తదనంతరం జీవితాంతం ఫ్యామిలీ పింఛను వచ్చే వీలుంది. ఆ పేరును పింఛను రికార్డుల్లో తల్లిదండ్రులు బతికుండగానే ఎక్కించుకోవాలి. వాళ్లు పోయాక కాగితాలు వెతుక్కోవడం చాలా కష్టం.

గార్డియన్ విషయంలో తొందరపడకండి. సెరిబ్రల్ పాల్సీ ప్రధానంగా కదలికలకు సంబంధించినది. మాట సరిగా రానంత మాత్రాన మనిషికి అవగాహన లేదనుకోవడం తప్పు. మీ తమ్ముడు మేజర్. మిగతావారితో సమానంగా అతనికీ చట్టపరమైన సామర్థ్యం ఉందని 2016 చట్టం సెక్షన్ 13 చెబుతోంది. బ్యాంకు ఖాతా అతని పేరునే ఉండనివ్వండి. సంతకం చేయలేకపోతే వేలిముద్ర వేయవచ్చు. అతని సైగలు అర్థమయ్యే మీరు పక్కన ఉండి సాయం చేయండి. ఆ బ్యాంకు మేనేజర్ గార్డియన్ సర్టిఫికెట్ లేకపోతే కుదరదంటే, ఆ మాట రాసి ఇవ్వమనండి.

ఆస్తి పంపకం లాంటి పెద్ద వ్యవహారం వచ్చి నిజంగా అవసరమైతే, నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 కింద జిల్లా స్థాయి లోకల్ లెవల్ కమిటీకి దరఖాస్తు చేసుకోవచ్చు. కలెక్టర్ స్థాయి అధికారి అందులో ఉంటారు. తల్లిదండ్రులు గానీ బంధువులు గానీ పెట్టవచ్చు కాబట్టి నాన్నగారు ఉండగా ఆయనతో పెట్టించి, గార్డియన్‌గా మీ పేరు సూచించడం మేలు. ఒకటి గుర్తుంచుకోండి: డబ్బు వ్యవహారంలో మీ ప్రయోజనం, తమ్ముడి ప్రయోజనం ఎదురెదురుగా నిలిస్తే, ఆ వ్యవహారంలో అతనికి సహాయకురాలిగా మీరు ఉండకూడదు. ఇది సెక్షన్ 13లోనే ఉంది. అతని పింఛను దేనికి ఖర్చవుతోందో ఇప్పటి నుంచే ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకుంటే, రేపు ఇంట్లో ఎవరు అడిగినా జవాబుంటుంది.

లాయరు ఫీజు గురించి టెన్షన్ వద్దు. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం, 1987 సెక్షన్ 12 ప్రకారం మహిళలకు, దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. మీరిద్దరూ అర్హులే. మీ జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. సెక్షన్ 38 దరఖాస్తు రాసిపెట్టమని అడగండి. వెళ్లేటప్పుడు పైన చెప్పిన కాగితాల జిరాక్సులు రెండేసి సెట్లు పట్టుకెళ్లండి, ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వొద్దు.