పాస్‌వర్డ్ అడగకుండానే ఫోల్డర్ తెరుచుకుంటోంది!

ప్రశ్న: మా ఇంట్లో డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్ రెండూ ఒకే వైఫైలో ఉన్నాయి, రెండూ విండోస్ 10. డెస్క్‌టాప్‌లో ఒక ఫోల్డర్ షేర్ చేశాను, పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ ఆన్‌లోనే ఉంది. అయినా ల్యాప్‌టాప్ నుంచి క్లిక్ చేస్తే ఏమీ అడక్కుండా తెరుచుకుంటోంది, ఫైళ్లు డిలీట్ కూడా అవుతున్నాయి! మా వైఫై వాడేవాళ్లు ఎవరైనా ఇలాగే చూసేయొచ్చా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: రెండిట్లోనూ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఒకటే పెట్టుకున్నారా? అయితే కారణం దాదాపు అదే. షేర్ చేసిన ఫోల్డర్ మీద క్లిక్ చేయగానే విండోస్ మిమ్మల్ని అడిగే ముందు, మీరు ల్యాప్‌టాప్‌లో ఏ ఖాతాతో లాగిన్ అయి ఉన్నారో ఆ వివరాలతోనే ఓసారి ప్రయత్నిస్తుంది, డెస్క్‌టాప్‌లోనూ అదే పేరు, అదే పాస్‌వర్డ్ ఉంటే పని అయిపోతుంది కాబట్టి ఇక బాక్స్ ఎందుకు చూపిస్తుంది? అంటే పాస్‌వర్డ్ తనిఖీ జరిగింది, మీకు కనపడలేదంతే. ఎప్పుడో పాస్‌వర్డ్ కొట్టి ‘రిమెంబర్’ టిక్ పెట్టి ఉన్నా ఇలాగే ఉంటుంది. అది కంట్రోల్ ప్యానెల్‌లోని క్రెడెన్షియల్ మేనేజర్‌లో దాగి ఉంటుంది, అక్కడ తీసేయండి. (ఇంట్లోని కంప్యూటర్ల మధ్య ఫైళ్లు పంచుకోడానికి విండోస్‌లో ఒకప్పుడు ఉన్న హోమ్‌గ్రూప్‌ని మాత్రం అనుమానించకండి, దాన్ని 2018లో 1803 వెర్షన్‌తోనే తీసేశారు.)

ఊహలెందుకు, చూసేద్దాం. ల్యాప్‌టాప్‌లో ఫోల్డర్ తెరిచి ఉంచి, డెస్క్‌టాప్‌లో స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి కంప్యూటర్ మేనేజ్‌మెంట్, అందులో షేర్డ్ ఫోల్డర్స్, సెషన్స్ చూడండి. ఎవరి పేరుతో కనెక్ట్ అయ్యారో అక్కడ ఉంటుంది. మీ పేరే ఉంటే గాభరా అక్కర్లేదు. గెస్ట్ అని ఉంటే మాత్రం మీ భయం నిజమే, వైఫైలోకి వచ్చినవాళ్లెవరైనా ఆ ఫోల్డర్ తెరవగలరు. అప్పుడు గెస్ట్ ఖాతా ఆపేసి, అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌లో ‘ఆల్ నెట్‌వర్క్స్’ కింద పాస్‌వర్డ్ ఆప్షన్ నిజంగా ఆన్‌లోనే ఉందా అని మళ్లీ చూసుకోండి.

కాదు, నాకు పాస్‌వర్డ్ అడిగి తీరాల్సిందే అంటారా, డెస్క్‌టాప్‌లో పాస్‌వర్డ్ మార్చేయండి. మార్చాక ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేయకుండా పరీక్షించొద్దు, పాత కనెక్షన్ ఇంకా బతికే ఉంటుంది, మార్చినా మారలేదని మళ్లీ నాకు ఉత్తరం రాస్తారు!

డిలీట్ సంగతి వేరే. లాగిన్ ఎలా అయ్యారన్నదానితో దానికి సంబంధం లేదు, అది పర్మిషన్ల వ్యవహారం. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్, అడ్వాన్స్‌డ్ షేరింగ్, పర్మిషన్స్‌లోకి వెళ్లి ‘ఎవ్రీవన్’ తీసేసి మీ ఖాతా ఒక్కటే చేర్చండి, ల్యాప్‌టాప్ నుంచి చూస్తే చాలనుకుంటే ‘రీడ్’ ఒక్కటే టిక్ పెట్టండి.