వెలిగిందంతా క్యాన్సరేనా?

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. మా అత్తగారికి 63 ఏళ్లు, షుగర్ ఉంది. వచ్చే వారం అండాశయ క్యాన్సర్ ఆపరేషన్. దానికి ముందు సైటలక్స్ అనే మందు ఎక్కిస్తామని, అప్పుడు క్యాన్సర్ గడ్డలు వెలుగుతాయని చెప్పారు. విటమిన్ మాత్ర ఆపమన్నారు. అది రేడియేషన్ మందా? ఆవిడ పక్కన మనవడిని పడుకోబెట్టవచ్చా? వెలిగినవన్నీ తీసేస్తే జబ్బు పోయినట్టేనా?

జవాబు: రేడియేషన్ కాదు. బాబుని పడుకోబెట్టవచ్చు, ఆపరేషన్ అయ్యాక మాత్రం కుట్ల మీద కాలు వేయకుండా చూసుకోండి.

సైటలక్స్‌లో ఉండేది పాఫోలాసియానిన్. ఫోలిక్ యాసిడ్‌ని (ఫోలేట్ అనే బి9 విటమిన్‌ని) పోలిన అణువుకి, పరారుణ కాంతిలో మెరిసే రంగుని తగిలించి చేశారు. అండాశయ క్యాన్సర్ కణాల్లో ఎక్కువభాగం మీద ఫోలేట్‌ని పట్టుకునే గ్రాహకాలు మామూలు కణాల మీదకంటే బాగా ఎక్కువ. మందు వాటిని అంటుకుని కణం లోపలికి చేరుతుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని 2021 నవంబరులో అండాశయ క్యాన్సర్‌కి, మరుసటి ఏడు డిసెంబరులో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి అనుమతించింది.

విటమిన్ ఆపమన్నది ఇందుకే. ఫోలిక్ యాసిడ్ ముందే వెళ్లి గ్రాహకాల్లో చేరితే మందుకి చోటు దొరకదు, గడ్డ ఉన్నా వెలగదు. మందు ఎక్కించడానికి 48 గంటల ముందు నుంచీ మానాలి. చాలామంది మల్టీవిటమిన్ ఆపి మిగతావి మరిచిపోతారు. షుగర్ ఉన్నవాళ్లు కాళ్ల తిమ్మిర్లకి ఇండియా నుంచి తెప్పించుకునే మిథైల్‌కోబాలమిన్ మాత్రల్లో చాలావాటిలో ఫోలిక్ యాసిడ్ కలిసే ఉంటుంది. స్ట్రిప్ వెనక ఫోలేట్, మిథైల్‌ఫోలేట్, బి9 అని ఏది రాసి ఉన్నా ఆస్పత్రిలో చూపించండి. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్‌తోపాటు డాక్టరు రాసిన ఫోలిక్ యాసిడ్ అయితే మీ అంతట మీరు ఆపకండి, అడగండి. మందు సూచనల్లో ఉన్నది మాత్రల సంగతే, పాలకూర పప్పు మానమని లేదు.

మోతాదు కిలో బరువుకి 0.025 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి 1.5 మిల్లీగ్రాములు. దాన్ని 250 మి.లీ. 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో (గ్లూకోజ్ నీళ్లలో) కలిపి గంటసేపు ఎక్కిస్తారు. అండాశయ క్యాన్సర్‌కైతే ఆపరేషన్‌కి 1 నుంచి 9 గంటల ముందు. సెలైన్‌లో కలపకూడదు కాబట్టి ఆవిడ ఒంట్లోకి 12.5 గ్రాముల గ్లూకోజ్ వెళ్తుంది. షుగర్ సంగతి మత్తు డాక్టరుకి గుర్తుచేయండి. ఎక్కేటప్పుడు వికారం, వాంతి, కడుపునొప్పి, ఒళ్లు వెచ్చబడటం కొందరికి ఉంటాయి. అప్పుడు ఆపి, మందిచ్చి, మళ్లీ మొదలుపెడతారు.

ఆ వెలుగు కంటికి కనిపించదు. సుమారు 800 నానోమీటర్ల దగ్గర పనిచేసే కెమెరా దాన్ని పట్టి తెర మీద రంగు వేసి చూపిస్తుంది. 2011లో నెదర్లాండ్స్‌లో మొదటిసారి మనుషుల్లో వాడిన ఫోలేట్ మందు ఆకుపచ్చగా మెరిసేది, మామూలు కణజాలం కూడా కొంత ఆ రంగులోనే మెరుస్తుంది కాబట్టి తేడా తెలియడం కష్టమయ్యేది. పరారుణానికి మారడం వెనక ముఖ్య కారణం అదే. ఇదీ కొన్ని మిల్లీమీటర్ల లోతు వరకే అందుతుంది. పైన రక్తం నిలిచినా, లోపల లోతుగా ఉన్నా గడ్డ మసగ్గానే ఉంటుంది. అందుకే సర్జన్ చేత్తో తడిమి చూడటం మానరు.

ఇక వెలిగిందంతా క్యాన్సర్ కాదు. వాపు ఉన్న లింఫ్ గ్రంథుల్లోని రక్షక కణాలకీ ఒక రకం ఫోలేట్ గ్రాహకం ఉంటుంది, అవీ వెలుగుతాయి. 134 మంది మహిళల మీద జరిగిన పరీక్షలో 26.9 శాతం మందిలో కంటికి, చేతికి అందని క్యాన్సర్ ముక్క కనీసం ఒకటి బయటపడింది. అదే పరీక్షలో 20.2 శాతం మందిలో వెలిగినా క్యాన్సర్ కానిది కనీసం ఒకటి దొరికింది. ఏది ఏమిటో తేల్చేది, తీసిన ముక్కని ల్యాబ్‌లో పరీక్షించి ఇచ్చే పాథాలజీ రిపోర్టే. కీమో అవసరమా అన్నది దాన్ని బట్టే అడగండి, తెర మీద వెలుగుని బట్టి కాదు.

ప్రశ్న: నాన్నగారికి మెదడులో గ్లయోమా అనే గడ్డ ఉంది. ఆపరేషన్ రోజు తాగించే 5-ఏఎల్ఏ మందూ ఇలాంటిదేనా? (హైదరాబాద్)

జవాబు: ఇది గ్రాహకాన్ని పట్టదు. కణం దీన్ని ప్రోటోపోర్ఫిరిన్ అనే పదార్థంగా మారుస్తుంది, గ్లయోమా కణాల్లో అది పేరుకుని నీలి కాంతిలో ఎర్రగా మెరుస్తుంది. కిలోకి 20 మిల్లీగ్రాములు, మత్తుకి సుమారు 3 గంటల ముందు నోటితో. 1.5 గ్రాముల పొడిని 50 మి.లీ. నీళ్లలో కలుపుతారు, 60 కిలోలకి 40 మి.లీ. సరిపోతుంది. తర్వాత 48 గంటలు ఎండ, పెద్ద లైట్లు తగలకూడదు, చర్మం కాలినట్టవుతుంది. బీపీకి హైడ్రోక్లోరోథయాజైడ్, షుగర్‌కి గ్లిమిపిరైడ్, ఇన్ఫెక్షన్‌కి డాక్సీసైక్లిన్ లాంటివి వాడుతుంటే ముందే చెప్పండి, చర్మానికి ఆ ప్రమాదం పెరుగుతుంది.

ప్రశ్న: ఆపరేషన్‌లో వాడే ఐసీజీ (ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగు మందు) కూడా క్యాన్సర్‌ని వెతికే మందేనా? (గుంటూరు)

జవాబు: కాదు. అది రక్తంలోని ప్రొటీన్లకి అంటుకుని రక్తం, లింఫ్ ఎటు పోతే అటు పోతుంది. క్యాన్సర్ ముందుగా చేరే గ్రంథిని వెతకడానికి, పేగు కుట్టినచోట రక్తం అందుతోందో లేదో చూడటానికి వాడతారు. మందులో కొంత అయొడైడ్ ఉంటుంది, అయొడిన్ ఎలర్జీ ఉంటే చెప్పండి.