కిఫ్లీల్లో జామ్ కారిపోతోందన్నావుగా, ఇదిగో చదువు

చిన్నీ,

నువ్వు పంపిన ఫొటో చూసి నవ్వొచ్చింది, జాలీ వేసింది. ట్రే నిండా మాడిన జామ్, మధ్యలో ఖాళీ డొప్పల్లా కిఫ్లీలు, జామ్ పెట్టి చుట్టే ఈ హంగేరీ నెలవంక బిస్కెట్లు. పిండి కుదరలేదని రాశావు కానీ పిండి బానే ఉందే, ఫొటోలోనే తెలుస్తోంది. తప్పంతా జామ్‌ది. పల్చటి పూర్ణంతో బూరెలు వేస్తే మూకుట్లో ఏమవుతుందో మీ అమ్మనడుగు, ఇదీ అంతే.

బుడాపెస్ట్ వచ్చిన కొత్తలో నేనూ ఇదే చేశాను. క్రిస్మస్ ముందు, స్ట్రాబెర్రీ జామ్‌తో. పొగ వాసనకి కింద ఫ్లాట్ నేని పైకొచ్చింది (పెద్దావిణ్ణి ఇక్కడ నేని అనాలి, మనం అత్తయ్యగారూ అన్నట్టు, ఉత్త పేరు పెట్టి పిలవకు). ఏమీ అనలేదు. నా జామ్ సీసా తీసుకుని పక్కకి వంచింది, లోపలిది జారుకుంటూ మూత దాకా వచ్చేసింది. కిందకెళ్లి తన సీసా తెచ్చి, మూత తీసి, నా ముక్కు ముందు తలకిందులుగా పట్టుకుంది. లోపల నల్లటి ముద్ద కదల్లేదు. నాకు అప్పటికి హంగేరియన్ పది మాటలు కూడా రావు, అయినా పాఠం పూర్తిగా అర్థమైంది.

అది లెక్వార్. మనం బ్రెడ్ మీద రాసుకునే జామ్ వేరు, ఇది వేరు. ప్లమ్ పళ్ల లెక్వార్ అయితే పాతకాలం పద్ధతిలో చక్కెరే వెయ్యరు. బాగా ముగ్గిన పళ్లని పెద్ద కాగులో వేసి గంటల తరబడి కలుపుతూనే ఉంటారు. మీ దెబ్రెత్సెన్‌కి ఈశాన్యాన సత్మార్ వైపు దీనికి పేరు. అక్కడ ఒక రకం ప్లమ్ పేరే 'నెమ్‌తుదోమ్', అంటే 'నాకు తెలీదు' అని. ఏం పండు అనడిగితే అదే జవాబు. ఆదివారం సంతలో ముసలమ్మలు అమ్మే ఇంట్లో చేసిన సీసా దొరికితే ఇంకేం చూడకు, తెచ్చేసుకో.

దొరక్కపోతే షాపులో 'షుతేషాల్లో' అని రాసున్నది కొను, ఓవెన్ వేడికి తట్టుకునే రకం అది. ఇంకోటి, సబ్బు బిళ్లలా గట్టిగా ముక్కలు కోసుకునే కలగలుపు పళ్ల జామ్ ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులకి కొవ్వు మాంసం బదులు దీన్ని ఇచ్చేవారట, అందుకని దానికి హిట్లర్ సలొన్న అని వెటకారం పేరు, అంటే హిట్లర్ బేకన్. పేరు ఎలా ఉన్నా కారదు. ఇంట్లో ఉన్న పల్చటి జామే వాడాలనుకుంటే ముందు బాండీలో సన్నసెగ మీద దగ్గరపడనివ్వు, చల్లటి ప్లేటు మీద చుక్క వేసి వేలితో గీస్తే గీత అలాగే నిలవాలి. లేదా వాల్‌నట్ పొడి రెండు చెంచాలు కలిపెయ్.

పిండి సంగతి చిన్నది. ఇక్కడ దేకాల్లో కొలుస్తారు, దేకా అంటే 10 గ్రాములు. 25 దేకాల పిండికి అందులో సగం వెన్న, ఒక పచ్చసొన, చిటికెడు ఉప్పు, ముద్దయ్యేంత తెయ్‌ఫోల్ (ఇక్కడి పుల్లటి మీగడ), రెండు మూడు పెద్ద చెంచాలు పడుతుంది. తెయ్‌ఫోల్ 20 శాతం కొవ్వుది తీసుకో, 12 శాతం దాంతో పిండి జిగురుగా అవుతుంది. పిండిలో చక్కెర వద్దు. వాళ్ల పాత పద్ధతిలో వెన్న కాకుండా 'జీర్' వేస్తారు, అది పంది కొవ్వు, నువ్వు తినవు కాబట్టి బయట కొనేటప్పుడు అడిగి కొనుక్కో. అన్నట్టు పిండిని ఇక్కడ లిస్ట్ అంటారు, నువ్వు దిగిన బుడాపెస్ట్ ఎయిర్‌పోర్ట్‌కి పేరు పెట్టిన సంగీతకారుడి ఇంటిపేరూ అదే. మైదాగారి ఎయిర్‌పోర్ట్ అని మీ బాబాయి ఇప్పటికీ జోకులేస్తుంటారు.

వెన్న చల్లగా ఉండగానే వేళ్ల చివర్లతో నలుపు, చపాతీ పిండిలా మర్దనా చెయ్యకు. గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టు. తర్వాత సగం సగంగా బయటికి తీసి పల్చగా ఒత్తి, ఆరేడు సెంటీమీటర్ల చదరాలు కొయ్యి. జామ్ బఠాణీ గింజ కంటే కాస్త ఎక్కువ, అంతే. మూల నుంచి చుట్టి, కొస కిందకొచ్చేలా పెట్టి, నెలవంకలా వంచు. ఇంకొంచెం పెడదామని చేతులు లాగుతాయి, పెట్టకు.

180 డిగ్రీలు, పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. నీ ఫ్లాట్‌లోది పాత గ్యాస్ ఓవెన్ అన్నావు కాబట్టి గడియారాన్ని నమ్మకుండా ఒకటి ఎత్తి అడుగు చూడు, అడుగు లేత బంగారు రంగులో ఉంటే చాలు, పైన తెల్లగానే ఉండాలి. వీటి పూర్తి పేరే హోకిఫ్లి, అంటే మంచు కిఫ్లి. బయటికి తీశాక రెండు నిమిషాలాగు, వేడివేడిగా ముట్టుకుంటే చేతిలోనే విరిగిపోతాయి, పూర్తిగా చల్లారితే చక్కెర అంటుకోదు. గోరువెచ్చగా ఉన్నప్పుడు వనిల్లా కలిపిన చక్కెర పొడిలో దొర్లించు.

ఆ రోజు తిన్నవాటికంటే మర్నాడు బావుంటాయి, రేకు డబ్బాలో కాగితం వేసి పెట్టుకో. మాడిన ట్రేని గీకకు, వేడినీళ్లు పోసి రాత్రంతా వదిలెయ్, అదే ఊడొస్తుంది.

పిన్ని