ఉద్యోగం మానొద్దు, వార్షిక నివేదిక తెరవండి

ప్రశ్న: అనంతపురంలో బీకాం చదివి బెంగళూరు వచ్చాను. మారతహళ్లిలో పీజీలో ఉంటూ బ్యాక్‌ ఆఫీసులో పనిచేస్తున్నాను, చేతికి నెలకు 28 వేలు. వాల్యూ ఇన్వెస్టింగ్‌నే, అంటే అసలు విలువ కన్నా చౌకగా దొరికే షేర్లు కొనడాన్నే, వృత్తిగా చేసుకోవాలనుంది. నాన్నగారిచ్చిన 3 లక్షలున్నాయి. ఉద్యోగం మానేసి మొదలుపెట్టవచ్చా?

జవాబు: వద్దండీ. ఏడాదికి 15 శాతం రాబడి వచ్చిందనుకున్నా 3 లక్షల మీద 45 వేలే, అంటే నెలకు 3,750. పీజీ అద్దెకే చాలదు. పైగా చౌకగా కొన్న షేరు అసలు విలువకు చేరేసరికి మూడు నాలుగేళ్లు పట్టవచ్చు, చేరకపోనూ వచ్చు. ఈలోగా నెల ఖర్చులకు దాన్నే అమ్ముకోవాల్సి వస్తే పద్ధతి మొత్తం దెబ్బతింటుంది. ఆరు నెలల ఖర్చు, సుమారు 1.2 లక్షలు, ఎఫ్‌డీలో వేయండి. 50 వేలతో షేర్లు కొని నేర్చుకోండి. మిగతాది పరీక్షల ఫీజులకు.

ఈ వృత్తిలోకి రావాలంటే ముందు రాయాల్సింది ఎన్‌ఐఎస్‌ఎం (మార్కెట్‌ నియంత్రణ సంస్థ సెబీ నెలకొల్పిన శిక్షణ సంస్థ) పెట్టే సిరీస్‌-15, షేర్లపై నివేదికలు రాసే రీసెర్చ్‌ అనలిస్టుల పరీక్ష. 60 శాతం మార్కులు రావాలి, తప్పు జవాబులకు కోత ఉంటుంది. పెట్టుబడుల విశ్లేషణలో అంతర్జాతీయ కోర్సు సీఎఫ్‌ఏ సంగతి తర్వాత చూద్దాం. దాని ఫీజు డాలర్లలో, పాస్‌పోర్టు తప్పనిసరి. ఫండ్‌ సంస్థలు ఎక్కువగా ముంబయిలో ఉన్నాయి. బెంగళూరులో విదేశీ బ్యాంకుల రీసెర్చ్‌ కేంద్రాల్లో మోడళ్లు, అంటే కంపెనీల లాభాల అంచనా లెక్కలు, కట్టే పని దొరుకుతుంది. విసుగు పుట్టించే పనే, కానీ చేయి తిరిగేది అక్కడే.

ఇంటర్వ్యూలో సర్టిఫికెట్‌ కన్నా ఒక కంపెనీపై మీరు రాసిన నివేదికకే బరువెక్కువ. సులువుగా అర్థమయ్యే చిన్న కంపెనీ ఒకటి తీసుకోండి. వార్షిక నివేదికలు స్టాక్‌ ఎక్స్ఛేంజీ బీఎస్‌ఈ సైట్‌లో ఉచితం. ఐదేళ్ల నికర లాభం ఒకవైపు, ఆపరేటింగ్‌ క్యాష్‌ఫ్లో (వ్యాపారం నుంచి నిజంగా చేతికొచ్చిన నగదు) ఇంకోవైపు కూడండి. లాభం 100 కోట్లుండి నగదు 60 కోట్లే వస్తే, తక్కిన 40 కోట్లు రావాల్సిన బాకీల్లో ఇరుక్కున్నాయా, సరుకు నిల్వల్లోనా అని వెతకండి. అమ్మకాలు జోరుగా పెరిగే కంపెనీలో ఇది మామూలే. అమ్మకాలు కదలకుండా బాకీలే పెరుగుతుంటే మాత్రం అనుమానించాలి. ప్రమోటర్ల (కంపెనీని నడిపే యజమానుల) సొంత కంపెనీలతో లావాదేవీలు లెక్కల వెనక ఇచ్చే నోట్స్‌లో ఉంటాయి, వాటిని వదలొద్దు.

కొత్తవాళ్లు తరచూ బోల్తాపడేది తక్కువ పీఈ (షేరు ధర ఒక్కో షేరు ఏడాది లాభానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) చూసి. ఉక్కు, చక్కెర కంపెనీల లాభాలు శిఖరాన ఉన్నప్పుడే పీఈ 5కు దిగి ఊరిస్తుంది. సరుకు ధర పడగానే లాభం కరిగిపోతుంది, అదే పీఈ 40 అవుతుంది. అందుకే షేరు ధరను ఒక్కో షేరుకు వచ్చిన ఏడెనిమిదేళ్ల సగటు లాభంతో భాగించండి.

స్నేహితుల డబ్బు ఫీజుకు నడపడం సెబీ నమోదు లేకుండా చట్టవిరుద్ధం. ఉద్యోగం దొరికాక మీరు సిఫారసు చేసే షేరును నివేదికకు ముందు 30 రోజులు, తర్వాత 5 రోజులు కొనకూడదు, అమ్మకూడదు. ఆ 50 వేలతో ఏవి కొన్నారో చేరిన రోజే సంస్థకు రాసివ్వండి.