ఆరుబయట ఉన్న పాత నాగశిలలను ఎలా శుభ్రం చేయాలి?

తాతల నాటి తోటలో ఉన్న నాగశిలలకు, వీరగల్లుకు (పోరులో పడిన వీరుడి గుర్తుగా నిలిపిన రాతికి) నాచు పట్టిందనీ, ఎప్పుడో వేసిన ఎనామిల్ రంగు పెచ్చులూడుతోందనీ, యాసిడ్‌తో కడిగి విరిగిన చోట సిమెంటు పెట్టించవచ్చా అనీ అడిగారు. రెండూ వద్దు. ఆ రెండూ చేసి నష్టపోయినవాణ్ని కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది పల్నాడు. మా పొలం గట్టున రావిచెట్టు కింద మూడు నాగశిలలు, పక్కనే కత్తి ఎత్తిన వీరుడి రాయి ఉన్నాయి. ఒక ఏడు నాగుల చవితికి ముందు, బాత్రూము గచ్చు కడిగే యాసిడ్‌ను నీళ్లలో కలిపి ఒక నాగశిల మీద పోశాను. బుసబుసమంటూ నురగ పొంగితే మురికి వదులుతోందని సంబరపడ్డాను. తీరా ఆరాక తడిమి చూస్తే, పడగ మీద అంతకుముందు వేలికి గరగరా తగిలిన పొలుసుల గీతలు దాదాపు చదునైపోయాయి. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు చెక్కిన సున్నపురాయి లాంటిదే మా రాయీ. నురగలో కరిగిపోయింది మురికి కాదు, శిల్పమే. మీది నల్లరాయో గ్రానైటో అయినా యాసిడ్ జోలికి పోకండి.

విరిగిన పడగను మేస్త్రీ సిమెంటుతో అతికించాడు. సిమెంటులోని లవణాలు తడితో పాటు రాతిలోకి దిగి, ఎండకు పైపొరలో గడ్డకట్టి దాన్ని పెట్లిస్తాయి. మా అతుకు చెక్కుచెదరలేదు గానీ, దాని చుట్టూ ఉన్న రాయి పెచ్చులుగా లేచింది.

మీరు ముందుగా అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి పెట్టుకోండి. 1972 నాటి చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన రాతి శిల్పం పురావస్తువు కిందికి వస్తుంది, దాన్ని నమోదు చేయించుకోవాలి. దున్నుతుండగా మట్టిలో దొరికినదయితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం కింద కలెక్టరుకు తెలియజేయాలి. నమోదు కోసం ఎలాగూ వెళతారు కనుక రాష్ట్ర పురావస్తు శాఖ వారినే ఒకసారి వచ్చి చూడమని అడగండి. అతుకు పని, రంగు తీసే పని వారు చూపించిన నిపుణులే చేయాలి.

మీ చేతులతో చేయదగినది చాలా తక్కువ. పెచ్చులు లేవని చోట మాత్రమే మెత్తని బ్రష్‌తో దుమ్ము దులిపి, నాచును మంచినీళ్లతో నానబెట్టి, వెదురు పుల్లతో నెమ్మదిగా తీయండి. ఇనుప బ్రష్, ప్రెషర్ పంపు దగ్గరికి రానివ్వకండి. రాయి మొదట్లో వాన నీరు నిలవకుండా కాలువ తీయడం వీటన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే రాయి నేలలోని తడిని పీల్చినంతకాలం లవణాలు పైకి వస్తూనే ఉంటాయి.

ఇక పూజ మాన్పించలేము. మా నాయనమ్మ ఆ మాటే ఎత్తనివ్వలేదు. చవితినాడు పాలు, పసుపు పోసిన సాయంత్రమే మంచినీళ్లతో కడిగేలా మాత్రం ఒప్పుకున్నది.