కంచె కడితే లైమ్ జబ్బు ఆగుతుందా?

ప్రశ్న: న్యూజెర్సీలో మా అబ్బాయి ఇంటి పెరట్లోకి రోజూ జింకలొస్తాయి. వాటివల్ల లైమ్ జబ్బు వస్తుందని మనవణ్ణి గడ్డిలో అడుగు పెట్టనివ్వరు. మే నెలలో మేం అక్కడికి వెళ్తున్నాం. కంచె వేయిస్తే సరిపోతుందా? ఇక్కడ మా కుక్కకీ పిడుదులున్నాయి. వాటితోనూ ఆ జబ్బు వస్తుందా?
– పాఠకురాలు, బన్నేరుఘట్ట రోడ్డు, బెంగళూరు

జవాబు: కంచె ఒక్కటే చాలదండీ. లైమ్ అనేది పిడుదు కాటుతో మనుషులకి అంటే బ్యాక్టీరియా జబ్బు. పిడుదుకి లైమ్ బ్యాక్టీరియాని అంటించేది జింక కాదు. తెల్లతోక జింక రక్తంలోని రక్షక ప్రోటీన్లు ఆ బ్యాక్టీరియాని చంపేస్తాయి. అయితే పెద్ద పిడుదులు కడుపు నింపుకునేది జింకల మీదే. అలా తాగి రాలిన ఆడది వేలల్లో గుడ్లు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లలో ఈ బ్యాక్టీరియా ఉండదు. తొలిసారి అది ఎవరి రక్తం తాగుతుందన్నదే అసలు సంగతి. అక్కడ చాలాసార్లు అది తెల్లపాదాల ఎలుక. ఒంట్లో బ్యాక్టీరియా ఉన్నా ఆ ఎలుక హుషారుగానే తిరుగుతుంది. దాని రక్తం తాగిన పిల్ల పిడుదు మరుసటి ఏడు మే నుంచి జులై దాకా, గసగసాల గింజంత సైజులో, మనుషుల్ని పట్టుకుంటుంది. సరిగ్గా మీరు వెళ్లే రోజులే.

కాబట్టి ఎలుకలు దాగే చోట్లు చూడండి. ఆకుల చెత్త ఊడ్పించండి, కట్టెల పేర్పు ఇంటికి దూరంగా పెట్టించండి, చెట్ల అంచుకీ గడ్డికీ మధ్య మూడడుగుల వెడల్పున చెక్కపేళ్లు పరిపించండి. పిల్లవాణ్ణి ఆడుకోనివ్వండి. లోపలికి రాగానే బట్టలు ఉతక్కముందే డ్రైయర్‌లో ఎక్కువ వేడి మీద 10 నిమిషాలు తిప్పండి. ముందే ఉతికితే తడివల్ల ఇంకా ఎక్కువసేపు తిప్పాల్సొస్తుంది. మోకాళ్ల వెనక, గజ్జల్లో, చెవుల వెనక, జుట్టు కుదుళ్లలో వెతకండి. సాధారణంగా పిడుదు 24 గంటలకు పైగా పట్టుకుని ఉంటేగానీ లైమ్ అంటదు. అందుకే రోజూ వెతకడం అంత ముఖ్యం. కనబడితే సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగండి. కిరసనాయిలు, అగ్గిపుల్ల వద్దు. తర్వాత 3 నుంచి 30 రోజుల్లో ఎర్రటి మచ్చ పెద్దదవుతూ వస్తే డాక్టరుకి చూపించాలి.

ఇక మీ కుక్క సంగతి. బెంగళూరులో కుక్కల మీద మామూలుగా కనబడే గోధుమరంగు పిడుదు లైమ్‌ని అంటించదు. కానీ కుక్కకి ఎర్లీకియా అనే రక్తకణాల జబ్బు తెస్తుంది, మనుషులకి టిక్ టైఫస్ అనే జ్వరం తేగలదు. టైఫస్ తెచ్చే రికెట్సియా అనే బ్యాక్టీరియా తల్లి పిడుదు నుంచి గుడ్లకే దిగుతుంది, మధ్యలో ఎలుకతో పనిలేదు. కుక్క మీది పిడుదుని గోళ్లతో నలపకండి, గీరుకున్న చర్మంలోంచి బ్యాక్టీరియా లోపలికి పోతుంది. స్పిరిట్‌లో వేసి చంపండి. కుక్కకి మందు వేయించి ఊరుకుంటే పిడుదులు మళ్లీ వస్తాయి, ఎందుకంటే గుడ్లుండేది గోడ పగుళ్లలో, కుక్క పడుకునే చోట. అక్కడా మందు కొట్టించాలి. ఇంట్లో ఎవరికైనా జ్వరంతోపాటు అరచేతులు, అరికాళ్ల మీద దద్దుర్లు వస్తే, కుక్కకి పిడుదులున్నాయని డాక్టరుకి మీరే చెప్పండి. టైఫస్ అనుమానం ఉంటే పరీక్ష ఫలితం కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెడతారు.