హైదరాబాద్ నౌకరి మానేసి హన్మకొండలో బీరువాల షాపు పెడితే టాక్సులు, ఖర్చులు కలిసొస్తాయా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హైదరాబాద్‌లో నెలకు 45 వేల జీతం, అందులో సగం కిరాయికీ తిరగడానికీ పోతోంది, సొంతూరు హన్మకొండ దగ్గరే కాబట్టి అక్కడ స్టీలు ఫర్నిచర్ షాపు పెడితే టాక్సులు తక్కువ పడతాయా, ఖర్చు తక్కువ కాబట్టి నాలుగు పైసలు మిగులుతాయా అని అడిగావు. నేను జీడిమెట్లలో ఎనిమిదేళ్లు పనిచేసి 2019లో హన్మకొండకు వచ్చేశాను. బీరువాలు, మంచాలు, అల్మారాలు చేస్తాం. నాతో కలిపి ఆరుగురం. నాకు అనుభవంలోకి వచ్చింది చెప్తాను.

ఊరు మారినంత మాత్రాన టాక్సు తగ్గదు. ఇన్‌కం టాక్సు కేంద్రానిది, ఎక్కడున్నా ఒకటే. నీ జీతానికైతే కొత్త విధానంలో అది ఎలాగూ పడదు. వృత్తి పన్ను రాష్ట్రానిదే, కానీ హైదరాబాద్‌లోనూ వరంగల్‌లోనూ ఒకే లెక్క. నెలకు 15 వేల దాకా లేదు, 20 వేల దాకా 150, ఆపైన 200 రూపాయలు. దాని కోసం ఊరు మారేవాళ్లు ఎవరూ ఉండరు.

నువ్వు పట్టించుకోవాల్సింది జీఎస్టీ. అందులో మన రాష్ట్రానికి ఒక తేడా ఉంది, చాలామందికి తెలియదు. 2019 ఏప్రిల్ నుంచి ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర లాంటి చోట్ల సరుకు అమ్మేవాళ్లకు ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాటితేనే రిజిస్ట్రేషన్. తెలంగాణ మాత్రం ఆ పరిమితిని 20 లక్షల దగ్గరే ఉంచింది. మా లెక్కలో చెప్పాలంటే, బీరువా ఒక్కోటి 14 వేలకు అమ్మితే నెలకు పన్నెండు అమ్మేసరికి ఏడాదికి 20 లక్షలు దాటుతుంది. పన్నెండు బీరువాలంటే పెద్ద షాపేమీ కాదు, ఇద్దరు మేస్త్రీలు చేసే పని. అంటే ఇక్కడ చాలా చిన్న స్థాయిలోనే నువ్వు జీఎస్టీలోకి రావాలి. మొదటి రోజు నుంచే ఆ ఖర్చు లెక్కలో పెట్టుకో.

రిజిస్ట్రేషన్ చేసేటప్పుడు రెండు దారులుంటాయి, మామూలు పద్ధతి, కాంపోజిషన్. కోటిన్నర టర్నోవర్ దాకా కాంపోజిషన్‌కు వెళ్లొచ్చు. తయారీదారు మొత్తం అమ్మకంపై 1 శాతం తన జేబులోంచి కడతాడు, గిరాకీ దగ్గర టాక్సు వసూలు చేయకూడదు, తను కొన్న సరుకు మీద కట్టిన జీఎస్టీ వెనక్కి రాదు. నా బీరువా లెక్కే చూడు. షీటు, తాళం, రంగు కలిపి 7 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,260. ఇంటికి కొనేవాడు 14 వేలకు మించి పైసా ఇవ్వడు. కాంపోజిషన్‌లో నేను 140 కట్టాలి, ఆ 1,260 పోయింది, 5,600 మిగులుతుంది. మామూలు పద్ధతిలో ఆ 1,260 వెనక్కి వస్తుంది, కానీ అదే 14 వేలలో నుంచే 18 శాతం జీఎస్టీ తీయాలి కాబట్టి నా ధర 11,864 అవుతుంది, సామాను ఖర్చు 7 వేలు పోగా మిగిలేది 4,864. ఒక్క బీరువాకు 736 రూపాయల తేడా. జీతాలు, కిరాయి ఇందులోంచే వెళ్లాలి.

మరి అందరూ కాంపోజిషన్‌కే వెళ్లొచ్చు కదా అంటావేమో. నేనూ అలాగే వెళ్లాను. రెండో ఏడాది ఒక ప్రైవేటు హాస్టల్ వాళ్లు 40 మంచాలు, 20 అల్మారాలు కావాలన్నారు. రేటు కుదిరింది, అడ్వాన్సు మాట కూడా అయింది. చివర్లో వాళ్ల అకౌంటెంటు జీఎస్టీ బిల్లు అడిగాడు. కాంపోజిషన్ వాళ్లం మేం టాక్సు బిల్లు ఇవ్వలేం. ఆ ఆర్డరు పోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటికే షీటు కోసం అప్పు మాట్లాడుకుని ఉన్నాను. కాబట్టి ముందు నీ గిరాకీ ఎవరో తేల్చుకో. ఇళ్లకు అమ్మేదయితే కాంపోజిషన్, స్కూళ్లకూ హాస్టళ్లకూ ఆఫీసులకూ అయితే మామూలు పద్ధతి. నేను మూడో ఏడాది మారిపోయాను.

కంటికి కనబడని టాక్సు డీజిల్. అది జీఎస్టీలో లేదు, రాష్ట్ర వ్యాట్ కింద ఉంది. మన దగ్గర డీజిల్‌పై 27 శాతం, పెట్రోల్‌పై 35.20 శాతం. లీటరు డీజిల్ 95 రూపాయలుంటే అందులో దాదాపు 20 రూపాయలు రాష్ట్రానికే వెళ్తాయి, అది ఏ రూపంలోనూ మనకు తిరిగి రాదు. షీటు హైదరాబాద్ నుంచి లోడు వస్తుంది, సుమారు 145 కిలోమీటర్లు. తయారైన బీరువా ట్రాలీలో ములుగుకో భూపాలపల్లికో వెళ్లాలి. జీడిమెట్లలో షీటు డిపో పక్క వీధిలోనే ఉండేది. ఇక్కడ కిరాయిలో మిగిలిన దాంట్లో కొంత రోడ్డు మీదే కాలిపోతుంది.

కరెంటు విషయంలో నేను చేసిన పొరపాటు నువ్వు చేయకు. ముందు షోరూము, వెనక వెల్డింగు, రెండిటికీ ఒకే మీటరు పెట్టించాను. అంతా కేటగిరీ-2, అంటే కమర్షియల్ కిందే బిల్లు వచ్చేది. వంద యూనిట్లు దాటితే యూనిట్‌కు 9.90, ఇంకా పెరిగితే ఇంకా ఎక్కువ. తయారీ పనికి కేటగిరీ-3 ఉంటుంది, దాంట్లో యూనిట్ 7.70. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకు కేంద్రం ఇచ్చే నమోదు) చేయించి, వెనక షెడ్డుకు వేరే మీటరు తీసుకున్నాక నెలకు పదిహేను వందల దాకా తగ్గింది. ఈ ముక్క ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది.

అసలు విషయం మనుషులు. నా దగ్గర స్పాట్ వెల్డింగ్ చేసే కుర్రాడు ఉన్నాడు, వాళ్లది ధర్మసాగర్ వైపు. నేను 18 వేలు ఇచ్చేవాణ్ని. బాలానగర్‌లో 24 వేలు ఇస్తామంటే సంసారంతో వెళ్లిపోయాడు. పది నెలలకు తిరిగొచ్చాడు. ఎందుకొచ్చావురా అని అడిగితే, కోసి పెట్టిన షీటు మీదే చాక్‌పీసుతో రాసి చూపించాడు. ఒక పక్క హైదరాబాద్: కిరాయి 7,500, సరుకులూ పాలూ గ్యాసూ 8,000, పాప స్కూలు 3,000, బండి పెట్రోలు 2,500. మిగిలింది 3,000, జ్వరమొస్తే అదీ లేదు. ఇంకో పక్క ఊరు: కిరాయి లేదు, ఇంటి కరెంటు 200 యూనిట్ల లోపే కాబట్టి బిల్లు సున్నా, రేషన్‌లో సన్నబియ్యం, స్కూలు 1,500. అన్నీ పోగా 6 వేలు మిగులుతున్నాయి. అడుగున ఇంకో గీత గీశాడు. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయింది కదా, వాళ్ల ఆవిడ ఊళ్లోంచే రోజూ వచ్చి హన్మకొండ చౌరస్తాలో బట్టల షాపులో చేస్తుంది. ఇదివరకు రానూపోనూ బస్సు ఛార్జీలకే జీతంలో పెద్ద ముక్క పోతుందని ఆ ఉద్యోగమే వద్దనుకున్నారు. ఆ షీటును నేను రెండు రోజులు వాడలేదు.

నేను డీజిల్ మీద కట్టే వ్యాట్ అయినా, నీ జీతంలో కోసే 200 అయినా చేరేది రాష్ట్ర ఖజానాకే. ఆ కుర్రాడి ఇంటికొచ్చే బియ్యం, కరెంటు, బస్సు టికెట్టు కూడా ఆ ఖజానాలోంచే. అందుకే 18 వేలకు మంచి పనివాడు నా దగ్గర నిలబడుతున్నాడు. టాక్సు ఎంత పోతోందో ఒక్కటే చూస్తే ఈ సగం కనబడదు. వాడికి ఇప్పుడు 20 వేలు ఇస్తున్నాను, ఇవ్వాల్సిందే.

కానీ ఇదే లెక్క ఇంకో వైపు నుంచి కూడా తగులుతుంది. 18, 20 వేలతో బతికే ఊళ్లో గిరాకీ కూడా 18, 20 వేల మనిషే. హైదరాబాద్‌లో అదే బీరువాకు 17 వేలు చెప్తే కార్డు తీసేవాళ్లున్నారు. ఇక్కడ 14 వేలు చెప్తే పన్నెండున్నర దగ్గర బేరం మొదలవుతుంది, మూడు వేలు ఉద్దెర పెడతారు. మాకు గిరాకీ వచ్చేది ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి, పత్తి అమ్ముడుపోయి రైతు చేతిలో పైసలు ఆడినప్పుడు, పెళ్లిళ్ల ముహూర్తాలున్నప్పుడు. మిర్చి రేటు పడిపోయిన ఏడాది మా షాపులోనూ తెలిసిపోతుంది. మూఢం వచ్చినా ఆషాఢం వచ్చినా బోణీ లేని రోజులుంటాయి. కిరాయి, జీతాలు, కరెంటు మాత్రం ఆగవు. ఆ టెన్షన్ నెల జీతం తీసుకునేవాళ్లకు అలవాటు ఉండదు. ఆరు నెలల జీతాలకూ కిరాయికీ సరిపడా డబ్బు పక్కన లేకుండా దిగొద్దు.

మడికొండ ఐటీ పార్కుకు 2020లో కంపెనీలొచ్చాయి, గీసుకొండ, సంగెం వైపు టెక్స్‌టైల్ పార్కు పని నడుస్తోంది. వాటివల్ల కొత్త ఇళ్లు, అల్మారాల ఆర్డర్లు కొన్ని వచ్చాయి. మంచిదే, కానీ వాటినే నమ్ముకుని అప్పు చేయకు. వరంగల్‌లో ఆజంజాహి బట్టల మిల్లు ఉన్నప్పుడు ఈ ఊరు ఎలా ఉండేదో, 2002లో అది మూతపడ్డాక ఏమైందో మా నాన్న తరం కళ్లారా చూసింది.

జాగ కొని షెడ్డు వేద్దామనుకుంటే ఇప్పుడే వద్దు. 2021 జూలైలో రిజిస్ట్రేషన్ ఛార్జీలు 6 నుంచి 7.5 శాతానికి పెరిగాయి. 30 లక్షల జాగకు రెండుంపావు లక్షలు అక్కడే పోతుంది, ఆ డబ్బుతో రెండు మెషిన్లు వస్తాయి. మొదటి మూడేళ్లు కిరాయి షెడ్డే మేలు. ట్రేడ్ లైసెన్సు ఫీజు రోడ్డు వెడల్పునూ, షాపు ఎన్ని చదరపు అడుగులన్నదాన్నీ బట్టి ఉంటుంది కాబట్టి షోరూము మెయిన్ రోడ్డు మీద చిన్నదిగా, వర్క్‌షాపు లోపలి రోడ్డులో పెద్దదిగా చూసుకో.

నౌకరి మానే ముందు ఆషాఢంలో ఒక వారం సెలవు పెట్టి రా. మా షాపులో పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా నాతో కూర్చో. మళ్లీ మాఘమాసం పెళ్లిళ్లప్పుడు ఇంకో వారం రా. రెండు వారాల అమ్మకాల పుస్తకం నీ ముందే పెడతాను.